తుఫాను రోజులు రాకముందే ఇంట్లో ఒక మాట అనుకోండి

అక్టోబరు దగ్గర పడుతోందంటే విశాఖలో కొవ్వొత్తులు కొనిపెట్టుకుంటాం, నీళ్ల ట్యాంకు నింపుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేర్పిన అలవాటది. అప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎవరు ఎక్కడున్నారో తెలియక ఎంత టెన్షన్ పడ్డామో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు దానికి ఇంకో భయం తోడైంది. ఫోన్ కలిసినా అవతల మాట్లాడేది మన మనిషేనని గొంతు విని నమ్మలేం.

ఎంవీపీ కాలనీలో మా పక్కింటి పిన్నిగారికి ఈమధ్యే ఇది అనుభవమైంది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది, అచ్చం వాడి గొంతే. "అమ్మా, యాక్సిడెంట్ అయింది, ఆసుపత్రిలో వెంటనే డబ్బు కట్టాలి, నాన్నకి చెప్పకు." ఆవిడ వణుకుతూనే యూపీఐ యాప్ తెరిచేశారు. సరిగ్గా అప్పుడు తట్టింది, వాడు ఎప్పుడూ "అమ్మా" అనడు, "అమ్మలూ" అంటాడు. ఫోన్ పెట్టేసి పాత నంబరుకి చేస్తే వాడు ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు.

ఏఐ (కృత్రిమ మేధ)తో గొంతును అలా దించేయడానికి ఎంతోసేపటి రికార్డింగ్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలో చూపించిన వాల్-ఈ అనే ఏఐ మోడల్‌కి 3 సెకన్ల నమూనా సరిపోయింది. మన పిల్లల రీల్స్‌లో, పెళ్లి వీడియోల్లో అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది. వీడియో కాల్‌లో ముఖం చూశాం కదా అనుకోవడానికీ లేదు. 2024లో హాంకాంగ్‌లో ఒక కంపెనీ ఉద్యోగి తన పై అధికారులతోనే వీడియోలో మాట్లాడుతున్నాననుకుని సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ కాల్‌లో కనిపించిన మిగతావాళ్లంతా ఏఐ తయారుచేసిన బొమ్మలే.

అందుకే ఈ ఆదివారమే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక గుర్తుమాట అనుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, నోటితో చెప్పుకోండి. పుట్టినరోజులు, కుక్కపిల్ల పేర్లు వద్దు, అవి మన పోస్టుల్లోనే ఉంటాయి. ప్రశ్నకు సంబంధం లేని జవాబు అయితే ఇంకా మంచిది. "సింహాచలం ప్రసాదం తెచ్చావా?" అంటే "గొడుగు విరిగింది" అనాలి, అంతే. పెద్దవాళ్లు మర్చిపోతారు, రెండుమూడు సార్లు వాళ్ల చేతే చెప్పించండి. ఎవరికైనా గుర్తు రాకపోతే కాల్ కట్ చేసి, మన దగ్గరున్న పాత నంబరుకి మనమే చేయాలి. తుఫానులో ఆ నంబరు కలవకపోతే, కలిసేదాకా డబ్బు పంపొద్దు. "ఎవరికీ చెప్పకు" అన్న మాట వినగానే ఇంకొకరికి చెప్పేయండి.

తుఫాను వెళ్లాక ఇంకో పని పడుతుంది. కారు మీద చెట్టు పడితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ లెటర్‌ని ఏఐ చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చు, నేనూ రాయించుకుంటాను. కానీ పాలసీ కాగితం, ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు అందులో వేయకండి. పేరు, నంబర్ల చోట చుక్కలు పెట్టి రాయించుకుని, తర్వాత మీరే నింపుకోండి. మన మాటలను ఏఐ శిక్షణకు వాడుకోకుండా ఆపే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంటే అది కూడా మార్చండి. ఎవరికైనా ఆధార్ కాపీ ఇవ్వాల్సివస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు మాత్రం ఏఐని అడగకండి. నెట్‌లో మోసగాళ్లు పెట్టిన నంబర్‌నే అది నమ్మకంగా చెప్పే ప్రమాదముంది. డెబిట్ కార్డు వెనక ఉన్న నంబరు ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. నష్టపరిహారం లిస్టు అంటూ వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ చేయొద్దు. బీచ్ రోడ్డు మునిగిపోయిందన్న వీడియో వస్తే, ఫార్వర్డ్ చేసేముందు విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ఏమంటోందో చూడండి.

ఇంత జాగ్రత్త పడ్డా డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మరో ఖాతాకి మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కూడా అదే కాగితం మీద రాసి క్యాలెండర్ పక్కన అంటించండి, కరెంటు పోయి ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా పక్కింటి ఫోన్ నుంచి చేయొచ్చు.