హైదరాబాద్ నుంచి అనంతపురానికి లిఫ్టు అడుగుతూ వెళ్లాలంటే

మాది అనంతపురం, ఉద్యోగం హైదరాబాద్‌లో. మధ్యలో 44వ నంబరు జాతీయ రహదారి, దాదాపు 360 కిలోమీటర్లు. పన్నెండేళ్ల కిందట సంక్రాంతి ముందు రోజు బస్సులో సీటు దొరక్క మొదటిసారి లారీ ఎక్కాను. ఆ తర్వాత సీటు దొరికినా చాలాసార్లు ఇలాగే వెళ్తున్నాను. ఎలా వెళ్లాలో చెప్పమని ఆఫీసులో కుర్రాళ్లు అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా.

ముందు నిలబడే చోటు. ఆరాంఘర్ చౌరస్తాలో చెయ్యెత్తితే ఆటోలే ఆగుతాయి. పగటిపూట పెద్ద లారీలను సిటీలోకి రానివ్వరు. చాలా బండ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చి శంషాబాద్ దగ్గర హైవే ఎక్కుతాయి. అందుకే నేను పొద్దున్నే బస్సులో షాద్‌నగర్ వైపు వెళ్లి, రాయికల్ టోల్‌గేట్ దాటాక నిలబడతాను. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి కాకముందు టోల్ క్యూలోనే డ్రైవర్లతో మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు బండి అక్కడ నిలవదు. కానీ గేటు దాటిన కాస్త దూరంలో డ్రైవర్లు ఎడమ పక్కకు ఆపుతారు. దిగి, రాడ్డుతో టైర్లు కొట్టి చూసుకుంటారు, మొహం కడుక్కుంటారు. మాట్లాడాల్సింది అప్పుడే. వేగంగా వచ్చే బండికి చెయ్యి ఊపితే ఆయన హడావిడిగా బ్రేకు తొక్కాలి, వెనక వచ్చేవాడికి ప్రమాదం.

ఏ బండిని అడగాలి? ఒకప్పుడు నంబరు ప్లేటు చూస్తే చాలు, ఏపీ 02 అంటే మా అనంతపురం, ఏపీ 21 అంటే కర్నూలు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండ్లను అలా పోల్చుకోలేం. ఇప్పుడు నేను లోడు చూస్తాను. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు పేర్చుకుని దక్షిణానికి పోతుంటే అది పండ్లో టమాటాలో దింపేసి ఇంటికి పోయే బండి. డ్రైవరు మనసు కూడా తేలిగ్గా ఉంటుంది. టీఎన్ 28 అంటే తమిళనాడులోని నామక్కల్ లారీ. వాళ్లకు చాలా దూరం పోయేది ఉంటుంది, మన కోసం మధ్యలో ఆపమనడం నాకు ఇష్టం ఉండదు.

దగ్గరికి వెళ్లగానే మీ ఊరు చెప్పొద్దు. "యాడికి పోతావుండారన్నా?" అని మీరే ముందు అడగండి. మీరు ముందు చెబితే, దురుద్దేశం ఉన్నవాడు "నేనూ అక్కడికే" అనేస్తాడు. ఆయన కర్నూలు అంటే కర్నూలు దాకా ఎక్కొచ్చు, ఎక్కించుకోవడం ఇష్టం లేకపోతే ఆయనకూ తప్పించుకునే వీలుంటుంది. రెండో మాట డబ్బు. "ఎంత ఇమ్మంటారన్నా?" అని ఎక్కకముందే తేల్చుకోవాలి. కొందరు రెండు వందలు అడుగుతారు, కొందరు వద్దంటారు. వద్దన్నవాళ్లకు టీ, టిఫిను నేనే ఇప్పిస్తాను.

ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపిస్తాను. దాచి తీయను, "ఇంట్లో టెన్షన్ పడతారన్నా" అని చెప్పే తీస్తాను. ఇంతవరకు ఎవరూ తప్పుగా అనుకోలేదు. లోడు మీద మాత్రం ఎవరు రమ్మన్నా కూర్చోవద్దు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు రావడం కష్టం, ఆ సంగతి తెలిసే ఎక్కాలి. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లొచ్చా అని మా చెల్లెలు అడిగితే వద్దనే చెప్పాను. ఆ మాట చెప్పాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఒకసారి జడ్చర్ల దాటకముందే డ్రైవరు దగ్గర మందు వాసన వచ్చింది. వాదించలేదు. "అన్నా, వాంతి వచ్చేట్టుంది" అన్నాను. క్యాబిన్ పాడవుతుందని ఎవరైనా వెంటనే ఆపుతారు. బ్యాగు ఒళ్లోనే ఉంది కాబట్టి దిగిపోయాను. అందుకే బ్యాగు వెనక పడేయొద్దంటాను.

ఎక్కాక మన పని మాట్లాడటం, అంతకన్నా ఎక్కువ వినడం. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కగానే చాలామంది డ్రైవర్లు ఆంజనేయస్వామికి దండం పెడతారు. అప్పుడు ఫోనులో మునిగి ఉండకండి.

ఒకసారి అనంతపురం నుంచి తిరుగు ప్రయాణంలో చీనీకాయల (బత్తాయిల) లోడు ఎక్కాను. హైదరాబాద్ శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోతున్న బండి. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. డోన్ దాకా పెద్దగా మాట్లాడలేదు. టీకి ఆపినప్పుడు ఫోను నా చేతికిచ్చి, "సామీ, ఇది మా పాపది. ఇది మంచి ర్యాంకేనా?" అన్నాడు. ఈఏపీసెట్ ర్యాంకు కార్డు ఫొటో. స్క్రీను పగిలి, అంకెల మీద గీత పడింది. వేలితో పెద్దది చేసి చదివాను. మంచి ర్యాంకే. ఆ మాట చెబితే నమ్మలేదు, కూతురికి ఫోన్ కలిపి నాకిచ్చాడు. సర్టిఫికెట్ల పరిశీలన, ఆ తర్వాత ఆప్షన్లు, ఇష్టమైన కాలేజీ పైన పెట్టుకోవడం అన్నీ ఆ అమ్మాయికి వివరంగా చెప్పాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. టీ చల్లారిపోయినా తాగలేదు. తర్వాత హైదరాబాద్ దాకా ఆయన మాట ఆపలేదు. దిగేటప్పుడు నా బ్యాగు జిప్పు పట్టనన్ని చీనీకాయలు నింపాడు.

దిగడం గురించి కూడా చెప్పాలి. లారీ ఊళ్లోకి రాదు, బైపాస్ మీదే పోతుంది. అనంతపురంలో నేను తపోవనం దగ్గర దిగి ఆటో ఎక్కుతాను. ఓ రెండు కిలోమీటర్ల ముందే డ్రైవరుకు గుర్తు చేయండి, లోడు బండి ఉన్నపళంగా ఆగదు. దిగాక తలుపు గట్టిగా వేయండి. బండి ముందు నుంచి మాత్రం రోడ్డు దాటొద్దు, అంత ఎత్తులో కూర్చున్న ఆయనకు మనం కనపడం. బండి కదిలి పోయేదాకా పక్కనే ఆగండి.