మందు ఆపినా పోని బాధ: డాక్టరుకు చెప్పడం నేర్చుకుందాం – 3వ పాఠం

పోయిన పాఠంలో పాత మందుల చీటీలన్నీ ఒక కవర్లో వేసుకోమన్నాను. ఇప్పుడు వాటిని బయటికి తీయండి.

గాజువాక కుర్రాడొకడు నా ముందు కూర్చుని మొదట అన్న మాట, "అంతా పోయిందండీ." ఇలా చెబితే, "టెన్షన్ బాబూ, పెళ్లయితే సర్దుకుంటుంది" అని పంపించేస్తారు. జుట్టు రాలుతోందని ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. వాడాడు. ఆపేసి ఏడు నెలలైనా కోరిక లేదు, అంగం గట్టిపడదు, నిద్ర పట్టదు. ఇదంతా అతని భ్రమ అనుకోనక్కర్లేదు. ఆపాక కూడా ఇలాంటి లైంగిక ఇబ్బందులు కొనసాగిన కేసులున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే ఆ మందు సమాచార పత్రంలో చేర్పించింది. డిప్రెషన్‌కిచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందుల మీద యూరప్ మందుల సంస్థ 2019లో అలాంటి హెచ్చరికే పెట్టమంది.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: మందుకు ముందు, వాడుతుండగా, ఆపాక. చాలామంది మొదటి గడి ఖాళీగా వదిలేస్తారు. అసలు పట్టు అక్కడే ఉంది. డిప్రెషన్ కూడా కోరికను తగ్గిస్తుంది కాబట్టి, మందు మొదలెట్టక ముందు ఎలా ఉందో తెలియకపోతే డాక్టరు మాత్రం ఏం తేల్చగలరు? సిగ్గుపడకుండా విడివిడిగా రాయండి. కోరిక వేరు, గట్టిపడటం వేరు, స్పర్శ వేరు. మర్మాంగం మొద్దుబారినట్టుంటే ఆ మాటే రాయండి, ఉత్త డిప్రెషన్‌లో అది మామూలుగా కనిపించదు. "వీక్‌నెస్" అని మాత్రం రాయకండి, దానికి బి-కాంప్లెక్స్ తప్ప ఏమీ రాదు.

తేదీలు గుర్తులేవా? కుర్రాడికీ లేవు. జగదాంబ దగ్గర మెడికల్ షాపుకు ఫోన్లో డబ్బు కట్టిన మెసేజీలు వెతికితే దొరికాయి. స్ట్రిప్ సగం కత్తిరించి ఇచ్చారట, బ్యాచ్ నంబరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. ఇకనుంచి బిల్లు అడిగి తీసుకోండి, నంబరు అందులో ఉంటుంది.

ఇది చదివి డిప్రెషన్ మందు ఉన్నపళంగా మానేయకండి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. చచ్చిపోవాలనిపిస్తే కాగితం పక్కన పడేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నింపిన కాగితాన్ని రెండు కాపీలు తీయండి. ఒకటి డాక్టరుకు. రెండోది దగ్గర పెట్టుకుని, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే 1800-180-3024కి ఫోన్ చేయండి. డాక్టరే చెప్పాలని లేదు, రోగి కూడా చెప్పొచ్చు.

ఈ వారానికి మొదటి గడి ఒక్కటే నింపండి. కుర్రాడికి దానికే నాలుగు రోజులు పట్టింది.