అర సెంటు పెరడు, నాలుగు పెట్టలు, ఒక కుడితి తొట్టి

ఇంటి వెనక అర సెంటు జాగా ఉందంటే లెక్కకు 24 గజాలు. అందులో కొబ్బరి చెట్టు, కరివేపాకు మొక్క, బోరు, బట్టలుతికే బండ పోగా మిగిలేది సగమే. ఆ సగంలో ఏ ప్రాణిని పెంచాలో పిల్లల ముచ్చటను బట్టి నిర్ణయిస్తే రెండు నెలల్లో పని అంతా అమ్మమ్మ నెత్తిన పడుతుంది. ముందుగా చూడాల్సినవి మూడు: గట్టి వాన పడితే పెరట్లో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతుంది, స్కూలు బస్సు ఎన్నింటికి వస్తుంది. బస్సు ఏడున్నరకైతే ఆ పిల్లల చేతిలో పొద్దున ఉండేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అయ్యే పనే వాళ్లది.

గోదావరి డెల్టాలో మన పెరళ్లకు సరిపడేవి రెండే అని చెప్పాలి. ఒకటి తొట్టిలో చేపలు, రెండోది నాలుగు కోడిపెట్టలు. చేపలతో మొదలుపెట్టి, ఆరు నెలలు పిల్లలు విసుగు లేకుండా చూసుకుంటే అప్పుడు కోళ్లకు వెళ్లండి. మిగతావి ఎందుకు కుదరవో ముందు చెప్పుకుంటే నయం, ఎందుకంటే పిల్లలు అడిగేవి అవే.

కుందేలు చూడ్డానికి బాగుంటుంది కానీ దానికి చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 35 దాటితే ప్రాణం మీదకు వస్తుంది. రోహిణి కార్తెలో మన దగ్గర ఎండకు తోడు ఉక్క కూడా ఉంటుంది. పైగా చెవులు పట్టి ఎత్తినా, చేతిలోంచి గింజుకుని కింద పడినా నడుం విరుగుతుంది. చిన్నపిల్లల ఇంటికి వద్దు.

బాతులు మన ఊళ్లకు కొత్త కాదు, కోతలైన చేలల్లో మందలు మందలుగా తిరుగుతాయి. కానీ అవి చేలలోనే బాగు. వాటికి తల మునిగేంత లోతు నీళ్లు రోజూ కావాలి, లేకపోతే కళ్లు, ముక్కు రంధ్రాలు పూడుకుంటాయి. ఆ నీళ్లు చిమ్మి చిమ్మి, బంకమట్టి నేలను వారంలో అడుసు చేస్తాయి. బయటికి వదిలితే పక్కవాళ్ల చేపల చెరువులోనో, ఆ రోజే మందు కొట్టిన చేలోనో దిగుతాయి. తగువు తప్పదు, బాతూ దక్కదు. ఎకరం దొడ్డి ఉన్నవాళ్ల మాట వేరు.

పావురాల రెట్ట, ఈకల దుమ్ము ఊపిరితిత్తులకు మంచివి కావు. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆలోచనే వద్దు. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాలువ గట్టునో, చేలోనో దొరికిన తాబేలు పిల్లను ఇంటికి తెచ్చుకోవడమూ అంతే. పిల్లలు పట్టుకొస్తే, దొరికిన చోటే వదిలేయడానికి వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇక సంతలో అమ్మే రంగు కోడిపిల్లలు. ఒకరోజు పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. రంగునీళ్లలో ముంచి, గంపలో ఎండకు తిప్పిన పిల్లలు చాలావరకు నాలుగు రోజుల్లో పోతాయి. బతికినా అవి ఎక్కువగా హేచరీలు వద్దనుకున్న మగపిల్లలే, గుడ్లు పెట్టవు. పిల్లలకు మొదటి పాఠం చావుతో మొదలవ్వాల్సిన అవసరం లేదు.

తొట్టి

పశువులు తీసేసిన ఇళ్లలో కుడితి తొట్టి ఊరికే పడి ఉంటుంది. 100 నుంచి 200 లీటర్లు పట్టి, కనీసం అడుగుంపావు లోతుంటే చాలు. పాతదైతే కొబ్బరి పీచుతో బాగా తోమండి. సబ్బు, సర్ఫు తగలకూడదు. కొత్త సిమెంటు తొట్టి అయితే తొందర పనికిరాదు. సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగి చేప మొప్పలను కాల్చేస్తుంది. నిండా నీళ్లు పోసి మూడు రోజులు ఉంచి పారబోయాలి, ఇలా మూడు వారాలు. తర్వాత రెండే చేపలు వేసి రెండు రోజులు చూడండి. అవి హుషారుగా తిరిగితే మిగతావి వేయండి.

తొట్టిని సగం నీడ, సగం పొద్దుటెండ పడే చోట పెట్టాలి. పూర్తి ఎండలో నీళ్లు వేడెక్కి పచ్చనాచు పడుతుంది, పూర్తి నీడలో మొక్క బతకదు. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, ఒక్క కాయ పడితే తొట్టి రెండు ముక్కలు. అంచుకు రెండంగుళాల కింద బెజ్జం పెట్టి దానికి సన్నని జాలీ కట్టండి. వాయుగుండం పట్టి రాత్రంతా కురిస్తే నీళ్లు అందులోంచి పోతాయి, చేపలు పోవు. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది కాబట్టి వెడల్పాటి గంగాళంలో ఒక రోజు ఆరుబయట ఉంచి పోయాలి. వాసన గట్టిగా వస్తే రెండు రోజులు ఆగండి. వేసవిలో కాలువలు కట్టేసే ముందే తొట్టి నింపుకుంటే ఆ రోజుల్లో ఆవిరైనంత మేరకు కలుపుకుంటే సరిపోతుంది.

చేపల్లో గప్పీలను మించినవి లేవు. 100 లీటర్లకు పది చాలు, ఒక మగదానికి రెండు మూడు ఆడవి. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి తరిమి చంపుతాయి. ఇవి గుడ్లు పెట్టవు, సుమారు నెలకోసారి పిల్లల్నే వదులుతాయి. ఆ పిల్లలను పెద్దవే తినేస్తాయి గనుక దాక్కోవడానికి గుప్పెడు హైడ్రిల్లా నాచు, ఒక కుండీలో కలువ దుంప వేయండి. గుర్రపుడెక్క మాత్రం వేయొద్దు. కాలువల్లో దాని సంగతి చూస్తూనే ఉన్నాం, తొట్టిని కూడా నెలలో కప్పేస్తుంది.

గప్పీలకు ఇష్టమైన తిండి దోమ లార్వా. అందుకే ఇది పిల్లల ముచ్చటతో పాటు ఇంటికి పనికొచ్చే పెంపకం. లార్వా కనిపిస్తున్నన్నాళ్లూ మేత వేయనక్కర్లేదు. లేనప్పుడు రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత చిటికెడు. చేపలు చచ్చేది ఆకలితో కాదు, పిల్లలు ప్రేమగా వేసే ఎక్కువ మేతతో. మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాలనీళ్లలా తెల్లబడతాయి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలా కనిపిస్తే మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చండి. మామూలుగా వారానికి పావు వంతు మారిస్తే సరి. ఆ తీసిన నీళ్లు బచ్చలి పాదుకు పోయండి.

చేపలు ఎక్కువైతే కాలువలోనో బోదెలోనో వదలొద్దు. మన నీళ్లది కాని చేప ఇక్కడి చిన్నచేపల పొట్ట కొడుతుంది. అక్వేరియంలో అద్దం నాకే సక్కర్ చేపను జనం అలా వదిలేస్తేనే చెరువుల్లో అది తెగులైంది. ఇంకొకటి, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో తొట్టి మీద ఇనుప జాలీ చట్రం తప్పనిసరి. అడుగు నీళ్లు చాలు ప్రమాదానికి. ఆ జాలీయే లకుముకి పిట్ట నుంచి చేపల్నీ కాపాడుతుంది.

పెట్టలు

నాలుగు పెట్టలు చాలు, పుంజు అక్కర్లేదు. గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, పొదిగించాలంటేనే కావాలి. పుంజు తెల్లవారుజామున మూడింటికే మొదలుపెడితే గోడ పక్కవాళ్లతో మాటలు పోతాయి. సంక్రాంతి మోజులో జాతిపుంజును తెచ్చి పిల్లల మధ్య వదలడం మరీ ప్రమాదం. అసిల్ పుంజు పోరుకే పుట్టింది, అది ఎగిరితే దాని కాలి ముల్లు సరిగ్గా పిల్లల కంటి ఎత్తుకు వస్తుంది.

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది, మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా సుమారు 100, గ్రామప్రియ 150 పైన పెడతాయి. వనరాజా బరువెక్కువ, ఒకచోట కట్టేస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిస్తుంది. చిన్న పెరటికి గ్రామప్రియ మేలు, రోజుకు రెండు గుడ్లకు కాస్త తక్కువగా చేతికొస్తాయి. పిల్లలకు పొదుగు కూడా చూపించాలనుంటే నాలుగింటిలో ఒకటి నాటుది ఉంచుకోండి. పుంజున్న ఇంటి నుంచి పది గుడ్లు తెచ్చి దాని కింద పెడితే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. ఏడో రాత్రి చీకట్లో గుడ్డు వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. అవి కనబడనివి తీసేయాలి. ఆ ఒక్క రాత్రి కోసం పిల్లలు వారమంతా ఎదురుచూస్తారు. పుట్టినవాటిలో సగం పుంజులే అవుతాయి, వాటిని ఎవరికిస్తారో ముందే అనుకోండి.

కొనడానికి వేసవి సెలవులు సరైన సమయం అనిపిస్తుంది గానీ, అదే తప్పు. కొత్త చోటు, మే ఎండ రెండూ ఒకేసారి తట్టుకోలేవు. అవి కుదురుకునేసరికి బడులు తెరుస్తారు. సంక్రాంతి ముందు ధరలు మండుతాయి. పండగ దాటాక ఫిబ్రవరిలో, 12 వారాల వయసు పెట్టలను తెచ్చుకోండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అలాంటి కబురుంటే ఆ ఏడు ఆగండి. కొనేటప్పుడు కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా వేశారో లేదో అడగండి. అది ఎనిమిదో వారంలో పడాలి. వేయకపోతే పశువైద్యశాలలో వేయించాలి. సీసాకు వంద డోసులుంటాయి కాబట్టి వీధిలో కోళ్లున్నవాళ్లంతా ఒకరోజు అనుకుంటే అందరికీ కలిసొస్తుంది. టీకా ఐసులోనే రావాలి, సంచిలో వేసుకుని ఎండలో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. ఆకుపచ్చని విరేచనం, మెడ తిప్పడం కనిపిస్తే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

గూడు నేలకు రెండడుగుల ఎత్తులో, సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టిన కాళ్ల మీద ఉండాలి. నాలుగు పెట్టలకు రాత్రిగూడు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. కింది సగం చెక్క, పై సగం అరంగుళం కన్నాల వెల్డ్ మెష్. మామూలు కోళ్ల వలను ముంగిస కొరికేస్తుంది, అంగుళం కన్నంలోంచి పాము దూరుతుంది. కూర్చోవడానికి రెండంగుళాల వెడల్పు కర్ర, కోడికి పది అంగుళాల లెక్కన. గుడ్ల పెట్టె ఒకటి చాలు, అన్ని వైపులా అడుగు కొలత. దాని మూత బయటి నుంచి తెరుచుకోవాలి, ఏడేళ్ల పిల్ల చేతికి అందాలి. నైరుతి వాన పడమర నుంచి, తుపాను జల్లు తూర్పు నుంచి కొడతాయి గనుక చూరు రెండు వైపులా అడుగు ముందుకు ఉంచండి. ఒక్క తాటాకు కప్పు చల్లనే గానీ అందులో ఎలుకలు, పాములు చేరతాయి. రేకు వేసి దాని మీద కొబ్బరాకులు పరిచి ఏటా మార్చడం మంచిది. పగలు తిరగడానికి ముందు ఎనిమిదడుగులు, ఐదడుగుల మెష్ ఆవరణ, మెష్ నేలలోకి ఒక అడుగు దిగాలి. లంక ఊళ్లలో ఉన్నవాళ్లు నాలుగు కోళ్లకూ చాలే గంపలు గూటి పక్కనే ఉంచుకోవాలి, వరద గట్టు ఎక్కే రోజున వెతుక్కోనవసరం లేకుండా.

అడుగున మూడంగుళాల మందాన ఊక పరవండి, రైసుమిల్లు దగ్గర బస్తాలకొద్దీ దొరుకుతుంది. తడిసి గడ్డకట్టిన చోట తీసేసి కొత్తది వేయాలి. కంపు కొడుతోందంటే తడి ఉన్నట్టే. ఆ ఊకా రెట్టా మూడు నెలలు కుళ్లాకే మొక్కలకు వేయాలి, పచ్చిది వేరును కాల్చేస్తుంది.

మేత దగ్గరే చాలామంది పొరబడతారు. ఊరంతా తిరిగే కోడికి పూటకింత నూకలు చల్లితే చాలు, మిగతాది అదే ఏరుకుంటుంది. అర సెంటులో ఏరుకోవడానికి ఏముంటుంది? గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 110 గ్రాముల లేయర్ దాణా కావాలి. ఒకసారి కాటా మీద తూచి, డబ్బాకు గీత గీసిస్తే పిల్లలు తప్పు చేయరు. నూకలు, తవుడు ఎక్కువ పెడితే గుడ్డు పెంకు కాగితంలా అవుతుంది. మొదటి గుడ్డు ఐదారు నెలలకు వస్తుంది. అప్పటిదాకా ఎదిగే కోళ్లకు వేసే గ్రోయర్ దాణాయే. లేయర్ దాణాలో ఉండే సున్నం పిల్లపెట్టల మూత్రపిండాలను పాడుచేస్తుంది. వానాకాలంలో దాణా పదిహేను రోజులకు మించి తేవద్దు, బూజు పట్టిన గింజలో విషం ఉంటుంది. మూత బిగుసుకునే రేకు డబ్బాలోనే పోయాలి. కింద చిందిన మేతకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. సాయంత్రం మిగిలిన మేత తీసేయడం ఇంట్లోవాళ్ల భద్రత కోసం కూడా. నీళ్లు నాలుగు పెట్టలకు రోజుకు లీటరుంపావు, వేసవిలో దానికి రెట్టింపు, నీడలో మట్టి పాత్రలో. ఎండాకాలం తడి గోనెలు కట్టమంటారు గానీ సముద్రం దగ్గరి ఉక్కలో గాలి ఆడకుండా అవి పెద్దగా పనిచేయవు. గాలి ఆడే చోటే గూడు పెట్టాలి.

పని పంచేటప్పుడు నాలుగైదేళ్లవాళ్లకు పెద్దల పక్కన నిలబడి ఆకుకూర వేయడం చాలు, గూటిలోకి పోనివ్వకండి. ఏడెనిమిదేళ్లవాళ్లు నీళ్ల పాత్ర కడిగి నింపడం, గుడ్లు తీయడం, నోటుబుక్కులో తేదీ వేసి లెక్క రాయడం చేయగలరు. గుడ్లు ఎందుకు తగ్గాయో ఆ పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. పదేళ్లు దాటినవాళ్లు దాణా కొలవడం, మూతికి గుడ్డ కట్టుకుని ఊక మార్చడం చేయవచ్చు. ఎవరైనా సరే, చెప్పులు లేకుండా లోపలికి వెళ్లకూడదు, బయటికొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. కోడిని ముద్దుపెట్టుకోవడం అసలే కూడదు, దాని రెట్టలో సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. పొద్దుగూకాక లెక్కపెట్టి గడియ వేసే పని పిల్లలదే అయినా, పడుకోబోయే ముందు పెద్దలు ఒకసారి చూసిరావాలి. ముంగిసకు కావాల్సింది మరిచిపోయిన గడియ ఒక్క రాత్రి.

రెండేళ్లు దాటాక గుడ్లు తగ్గుతాయి. అప్పుడు ఆ కోడి ఏమవుతుందన్నది కొనే రోజే ఇంట్లో తేల్చుకోండి. పేరు పెట్టి పిలిచిన కోడి ఆదివారం కూరలో తేలితే పిల్లలు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

రెండు రోజులు ఊరెళ్తే చేపలకు ఏమీ అక్కర్లేదు, నాలుగైదు రోజులు ఆగగలవు. మేత వేయమని పక్కింటి పిల్లాడికి అప్పజెప్పితేనే ప్రమాదం, వారానిది ఒకేసారి గుమ్మరిస్తాడు. కోళ్లకు మాత్రం మనిషి కావాలి. నీళ్లు పోసి, గడియ వేసి, గుడ్లు తీసుకుపొమ్మంటే కాదనే పిన్నిగారు ఏ వీధిలోనూ ఉండరు.