ఊటీ జ్ఞాపకాలను గీతల్లో నిలుపుకోవడం ఎలా

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో చాలామందికి చిన్ననాటి నుంచి బొమ్మలు గీయాలన్న కోరిక ఉంటుంది, కానీ సెలవు దొరికిన ప్రతిసారీ అది మరో పనికి చోటిచ్చి వెనక్కి జరుగుతుంది. మారతహళ్లి అద్దె ఇంట్లో ఏళ్ల తరబడి తెల్లకాగితాల పుస్తకాన్ని తెరవకుండా దాచుకున్న నేను, ఆ కోరికను ఊటీలో తిరిగి అందుకున్నాను. అదే దారిలో వెళ్లదలచినవారి కోసం ఇది రాస్తున్నాను.

రెండు రోజుల్లో చూడదగినవన్నీ చూడాలన్న ఆలోచనను ముందుగా వదిలిపెట్టండి. మూడు చోట్లు చాలు, ఒక్కొక్కచోట కనీసం గంటసేపు కూర్చోవాలి. మైసూరు మీదుగా వెళ్లే పగటి బస్సు ఎక్కడం మంచిది. బండీపుర అడవిదారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలపై నిషేధం ఉంది. గీయడానికి ఒక 2బి పెన్సిలు, అరచేతికి కాస్త పెద్దదైన పుస్తకం, దానికొక ప్లాస్టిక్ సంచి తీసుకుంటే సరిపోతుంది. మంచులో కాగితం మెత్తబడుతుంది, నీటిరంగులు ఎంతకీ ఆరవు.

మొదట సెయింట్ స్టీఫెన్స్ చర్చికి వెళ్లండి. 1829లో పునాది వేసిన ఈ కట్టడానికి వాడిన కలపను శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తాన్ ప్రాసాదం నుంచి తెచ్చారు. మన బస్సు వచ్చింది కూడా ఆ ఊరి మీదుగానే కనుక, లోపలి దూలాలను చూస్తూ కూర్చున్నప్పుడు అవి కొండ ఎక్కిన దూరం మనకు ఒంటికి తెలుస్తుంది. గోపురంతో మొదలుపెట్టకుండా ఒక్క దూలాన్నే గీయండి. మొత్తం కట్టడాన్ని గీయబోయి నేను మూడు పేజీలు పాడుచేశాను.

మర్నాడు ఉదయం, మంచు కమ్మకముందే, 1848లో మొదలైన బొటానికల్ గార్డెన్‌కు వెళ్లి, అక్కడున్న శిలాజ వృక్షకాండాన్ని గీయండి. రాయిగా మారిన మాను పైపొరను పెన్సిలు నీడలతో పట్టుకోవడం చేతికి గొప్ప సాధన. దొడ్డబెట్ట శిఖరాన్ని చూసి వస్తే చాలు, అక్కడి గాలికి పుస్తకం నిలవదు.

తిరుగుప్రయాణం మేట్టుపాళయం దాకా కొండరైలులో చేయండి, టికెట్లు ముందే తీసుకోవాలి. 46 కిలోమీటర్ల ఈ మార్గంలో కూనూరుకూ కల్లారుకూ మధ్య పట్టాల నడుమ, ఇంజను పళ్లచక్రం పట్టుకునేందుకు రంపపు పళ్లలాంటి కమ్మీ ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనుక నుంచి తోసే ఇంజను, దిగేటప్పుడు ముందు నిలిచి బండి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. కుదుపుల్లో గీత కుదరదు కాబట్టి కిటికీలోంచి చూసినవాటిని మాటల్లో రాసుకుని, ఆ రాత్రికి గుర్తున్నంత మేరకు గీయండి. తప్పులు వస్తే చెరపకండి.

ఇంటికి చేరాక వచ్చే తొలి ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ గ్లాస్ హౌస్ ఎదుట కూర్చుని, అదే పుస్తకంలో తరువాతి పేజీ తెరవండి.