ఎంబెడెడ్ లినక్స్ బోర్డు నిజంగా పనుకుందా, లేదా: సస్పెండ్‌ను ఎలా పరీక్షించాలి?

సస్పెండ్, అంటే పని లేనప్పుడు బోర్డును తక్కువ కరెంటుతో పనుకోబెట్టడం, పనిచేస్తోందని ఎవరైనా చెబితే, నిద్రలో ఎన్ని మిల్లీఆంపియర్లు అని అడిగి చూడండి. చాలామంది దిక్కులు చూస్తారు. కెర్నెల్‌ను (లినక్స్ గుండెకాయ) పనుకోమన్నారు, కన్సోల్ (కమాండ్లు కొట్టే తెర) ఆగింది, అర నిమిషానికి మళ్లీ ప్రాంప్ట్ వచ్చింది, రిపోర్టులో ‘పాస్’ అని రాసేశారు. దాన్ని టెస్టు అనరు. కన్సోల్ ఆగిందంటే కన్సోల్ ఆగిందని మాత్రమే అర్థం.

తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో ఇది ఏటా చూస్తున్నదే. మొన్నొక కుర్రాడు బంగారుపాళెం వైపు మామిడి తోటలో నేల తేమ కొలిచే పెట్టె పెట్టాడు. వారం తిరక్కుండానే బ్యాటరీ అయిపోయింది. ‘అన్నా, కెర్నెల్ రాసుకునే లాగులో అంతా బాగానే ఉంది గదా’ అంటాడు. ‘లాగు సంగతి సరేప్పా, పనుకున్నప్పుడు ఎంత తింటా ఉంది?’ అంటే కొలవలేదు. 2,600 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లు తీసుకోండి. నిద్రలో 2 మిల్లీఆంపియర్లు లాగితే లెక్కప్రకారం 54 రోజులు వస్తుంది. 20 లాగితే అయిదు రోజుల చిల్లర. రెండు సందర్భాల్లోనూ కెర్నెల్ లాగు ఒకేలా ఉండొచ్చు.

సామాను

బోర్డు, 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్, బెంచ్ పవర్ సప్లై, 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్న మల్టీమీటర్, ఒక శాతం టాలరెన్స్ ఉన్న 1 ఓం అరవాట్ రెసిస్టర్, చిన్న టాగుల్ స్విచ్, సోల్డరింగ్ ఐరన్. ఊళ్లో దొరకనివి ఉంటే పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి తెచ్చుకోండి. బ్రెడ్‌బోర్డు మాత్రం ఈ పనికి ముట్టుకోవద్దు. సీరియల్ టెర్మినల్‌కు పికోకామ్ వాడండి, మినీకామ్ మెనూలతో కుస్తీ ఎందుకు?

బోర్డు విషయంలో ఒక్క మాట. ఈ విద్యను రాస్‌బెర్రీ పై మీద నేర్చుకోవాలని చూడకండి. పై 3, పై 4లకు సస్పెండ్ టు ర్యామ్ (మెమరీని నిలిపి మిగతాదాన్ని ఆపే లోతైన నిద్ర) లేదు, లేని నిద్రను ఎలా కొలుస్తారు? బీగల్‌బోన్ బ్లాక్ నయం. అయితే దాని ప్రాసెసర్‌లో నిద్ర వ్యవహారమంతా పక్కనున్న కార్టెక్స్ ఎం3 అనే చిన్న ప్రాసెసర్ చూసుకుంటుంది. దాని ఫర్మ్‌వేర్ ఫైలు రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో పీఎం డీబగ్ (నిద్ర పరీక్షలకు), డీబగ్ ఎఫ్‌ఎస్ (కెర్నెల్ లోపలి లెక్కలు ఫైళ్లుగా చూడడానికి), మీ ఆర్‌టీసీ (బోర్డు గడియారం) డ్రైవరు ఆన్ చేసి బిల్డ్ చేయండి. అంతే.

ఏ నిద్రో తేల్చుకోండి

సిస్/పవర్ డైరెక్టరీలో స్టేట్ అనే ఫైలుంటుంది. అందులో ‘మెమ్’ అనే మాట కనబడగానే లోతైన నిద్ర ఉందని సంబరపడిపోతారు. పక్కనే మెమ్ స్లీప్ అనే ఇంకో ఫైలుంది, దాన్ని తెరవండి. చదరపు బ్రాకెట్ల మధ్య ఏ మాట ఉంటే ‘మెమ్’ అంటే ఆ నిద్రే. అక్కడ ‘ఎస్2ఐడిల్’ అని మాత్రమే ఉంటే ప్రాసెసర్ కునుకు తీస్తుందే గానీ పనుకోదు. ‘డీప్’ కావాలి. 64 బిట్ ఆర్మ్ బోర్డుల్లో డీప్ కనబడాలంటే సాధారణంగా కింది ఫర్మ్‌వేర్ పీఎస్‌సీఐలో (లినక్స్ ఫర్మ్‌వేర్‌ను పవర్ పనులు అడిగే పద్ధతి) సిస్టమ్ సస్పెండ్ అనే కాల్‌ను అమలు చేసి ఉండాలి. అది లేకపోతే లినక్స్ వైపు ఎంత తవ్వినా రాదు, ఫర్మ్‌వేర్ ఇచ్చినవాళ్లను పట్టుకోండి.

లేపే ఏర్పాటు ముందు, పనుకోబెట్టడం తర్వాత

లేపడానికి ఆర్‌టీసీ అలారమే వాడండి. బటన్ నొక్కి లేపడం డెమోకు బాగుంటుంది, పరీక్షకు పనికిరాదు. రాత్రంతా నొక్కుతూ ఎవరు కూర్చుంటారు?

ఆర్‌టీసీవేక్ కమాండ్‌కు ‘ఆన్’ అనే మోడ్ ఉంది. అది బోర్డును పనుకోబెట్టదు, అలారం మోగేదాకా ఎదురుచూస్తుంది, అంతే. ముందు దాంతో 30 సెకన్లు పెట్టి, ప్రాక్ ఇంటరప్ట్స్‌లో (ఏ పరికరం ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచిందో చెప్పే ఫైలు) ఆర్‌టీసీ వరుస అంకె పెరిగిందో లేదో చూడండి. పెరగకపోతే ఆగండి, ముందుకు పోవద్దు. చాలా బోర్డుల మీద రెండు ఆర్‌టీసీలుంటాయి. ప్రాసెసర్ లోపల ఒకటి, బయట డీఎస్ 3231 లాంటి మాడ్యూల్ ఒకటి. బయటిదానికి అలారం పిన్ను ఉంటుంది గానీ, ఆ పిన్ను నుంచి ప్రాసెసర్‌కు వైరు వేసి ఉండరు. కమాండ్ ఏమో ఏమీ చెప్పకపోతే ఆర్‌టీసీ సున్నానే తీసుకుంటుంది. అది వైరు లేనిదైతే బోర్డు పనుకుని ఇక లేవదు, మీరేమో డ్రైవర్లను తిట్టుకుంటూ కూర్చుంటారు.

మెట్టు మెట్టుగా

సిస్/పవర్‌లోనే పీఎం టెస్ట్ అనే ఫైలుంది. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని అయిదు మెట్లు. ఒక్కోటి రాసి, స్టేట్‌లోకి మెమ్ రాస్తే కెర్నెల్ ఆ మెట్టు దాకా దిగి, అయిదు సెకన్లు ఆగి, వెనక్కొస్తుంది. ఇదే వరుసలో చేయండి. ఫ్రీజర్‌లో తేడా వస్తే ఏదో ప్రాసెస్ మొండికేసినట్టు. ఎక్కువ గొడవలు డివైసెస్ దగ్గరే. అక్కడ ఆగిపోతే బూట్ ఆర్గ్యుమెంట్లలో నో కన్సోల్ సస్పెండ్ చేర్చి, పీఎం ప్రింట్ టైమ్స్‌లో 1 రాసి మళ్లీ చేయండి. చివరగా ఏ డివైస్ పేరు పడిందో దాని డ్రైవరు మీద అనుమానం పెట్టుకోండి.

ఈ మెట్ల మీద కరెంటు కొలవకండి. ఇక్కడ బోర్డు అసలు నిద్రలోకి పోదు, నటిస్తుంది. అలాగే, తప్పు దొరికాక నో కన్సోల్ సస్పెండ్ తీసేయండి. అది ఉన్నంతసేపూ సీరియల్ పోర్టు మేలుకునే ఉంటుంది, కొన్ని చిప్పుల్లో దాని క్లాకు వల్ల మొత్తం చిప్పే లోతుకు దిగదు.

కరెంటు కొలవడం

ఇక్కడ తొందరపడితే ఇప్పటిదాకా చేసినదంతా బూడిదలో పోసినట్టే.

మల్టీమీటర్‌ను మిల్లీఆంపియర్ రేంజిలో పెట్టి నేరుగా సప్లై వైరులో గుచ్చేస్తారు. అలా చేయకండి. మీటరు లోపల కూడా రెసిస్టర్ ఉంటుంది, రేంజి తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. మైక్రోఆంపియర్ రేంజిలో చాలా మీటర్లలో అది వంద ఓంల దాకా పోతుంది. ఆటో రేంజి మీటరైతే మరీ అన్యాయం. బోర్డు పనుకోగానే కింది రేంజికి దిగుతుంది, లేచేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగితే మళ్లీ పైకి మారేలోపే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. చూసేవాడికి అది రెజ్యూమ్ బగ్‌లా కనబడుతుంది. అలా లేని బగ్ కోసం వారాల తరబడి డ్రైవర్లు తిరగరాసినవాళ్లున్నారు. లేచిన తర్వాత అప్‌టైమ్ చూస్తే తెలిసిపోతుంది. అది మొదటి నుంచి లెక్కపెడుతుంటే బోర్డు నిద్ర లేవలేదు, చచ్చి పుట్టింది.

నలభై, యాభై మిల్లీఆంపియర్లు దాటితే తప్ప సరిగ్గా చెప్పలేని యూఎస్‌బీ టెస్టర్ ముక్కలు కూడా వద్దు. సున్నా చూపిస్తే సంతోషంగా ఉంటుంది, అంతవరకే.

నా పద్ధతి ఇది. 1 ఓం రెసిస్టర్‌ను సప్లై ప్లస్ వైరులో వరుసగా సోల్డర్ చేయండి, దాని రెండు కాళ్ల మీద స్విచ్‌ను అడ్డంగా పెట్టండి. మీటరు ప్రోబులు సరిగ్గా రెసిస్టర్ కాళ్లకే తగలాలి, వైరు చివర్లకు కాదు. 1 ఓం కాబట్టి మీటరు ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మిల్లీఆంపియర్లు, లెక్కలు వేసుకునే పనిలేదు. మైనస్ వైరులో పెడితే సీరియల్ కేబుల్ గ్రౌండ్ ద్వారా కరెంటు కంప్యూటర్ మీదుగా చుట్టు తిరిగి పోయి, రెసిస్టర్‌కు అసలు లెక్కే అందకపోవచ్చు. మీటరు బదులు ఆసిలోస్కోప్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: దాని ప్రోబు గ్రౌండ్ క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది. ఆ క్లిప్పును ప్లస్ వైరు మీద పెడితే, సప్లై మైనస్ కూడా ఎర్తులో ఉన్న చోట నేరుగా షార్టే. రెండు ప్రోబులు పెట్టి తేడా తీసుకోండి.

స్విచ్ ఆన్‌లో, అంటే రెసిస్టర్ షార్ట్ అయి ఉండగా, బోర్డు బూట్ చేయండి. ఆర్‌టీసీవేక్‌ను మెమ్ మోడ్‌లో 120 సెకన్లకు పెట్టి, దాని ముందు 20 సెకన్ల స్లీప్ కమాండ్ చేర్చి, బ్యాక్‌గ్రౌండ్‌లో వదలండి. ఈ 20 సెకన్లలో సీరియల్ కేబుల్ పీకేయాలి. ఈథర్నెట్, హెచ్‌డీఎంఐ, కీబోర్డు, జేట్యాగ్ డీబగ్గర్ కూడా. సప్లై డిస్‌ప్లే మీద అంకె పడిపోగానే స్విచ్ ఆఫ్ చేయండి. కనీసం అర నిమిషం ఆగి మిల్లీవోల్టులు చదవండి. రెండు నిమిషాలు నిండేలోపు స్విచ్ మళ్లీ ఆన్ చేయండి. మరిచిపోతే ఇందాక చెప్పిన రీసెట్టే. గోడ గడియారాన్ని నమ్మొద్దు, ఫోన్లో టైమర్ పెట్టుకోండి.

సీరియల్ కేబుల్ ఎందుకు పీకాలని అందరూ అడుగుతారు. ఆ కేబుల్‌లో డేటా పంపే వైరు ఖాళీగా ఉన్నప్పుడు కూడా 3.3 వోల్టుల్లో ఉంటుంది. బోర్డు పనుకుని ఆ పిన్ను తాలూకు సప్లై ఆపేస్తే, కేబుల్ నుంచి వచ్చే కరెంటు పిన్ను దగ్గరి రక్షణ డయోడ్ గుండా దొంగదారిన లోపలికి దూరుతుంది. మోటారుకు ఒక ఫేజు పోయినా పక్క ఫేజు నుంచి తిరిగొచ్చిన కరెంటుకు షెడ్డులో బల్బు మిణుకుమిణుకుమన్నట్టు, చిప్పు సగం చచ్చి సగం బతికి ఉంటుంది. కొంత తిండి కేబుల్ నుంచి తింటోంది కాబట్టి మీ మీటరు తక్కువ చూపిస్తుంది. ఇంటికెళ్లి బ్యాటరీ మీద పెట్టాక అసలు లెక్క బయటపడుతుంది. పీకేటప్పుడు బోర్డు వైపు పీకండి. కంప్యూటర్ వైపు పీకి, కేబుల్‌ను బోర్డుకే వేలాడదీస్తే ఈసారి బోర్డే ఆ కేబుల్‌ను పోషిస్తుంది.

అంకె ఎక్కువొస్తే ముందు కళ్లతో చూడండి. ఎర్ర పవర్ ఎల్‌ఈడీ ఒక్కటే రెండు మూడు మిల్లీఆంపియర్లు తింటుంది, దాన్ని పీకేయండి. 10 కిలో ఓంల పుల్ అప్ (పిన్నును 3.3 వోల్టులకు కట్టే రెసిస్టర్) ఉన్న పిన్నును కిందికి లాగి పనుకుంటే, పిన్నుకు 0.33 మిల్లీఆంపియర్ల చొప్పున పోతుంది. ఈథర్నెట్ చిప్పులో వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి లేపే సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. వైఫై మీద అనుమానముంటే డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరాలున్నాయో కెర్నెల్‌కు చెప్పే ఫైలు) కీప్ పవర్ ఇన్ సస్పెండ్ అనే మాట వెతకండి. ఎక్కడో కాపీ కొట్టిన ఫైల్లోంచి వచ్చి కూర్చుని ఉంటుంది.

రాత్రంతా

కొలత కుదిరాక అసలు ఓపిక పరీక్ష. 30 సెకన్లు నిద్ర, 10 సెకన్లు మేలుకోవడం, వెయ్యిసార్లు. పదకొండు గంటల చిల్లర పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున చూడండి. సప్లైకి యూపీఎస్ పెట్టండి, అర్ధరాత్రి కరెంటు పోతే లెక్క మొదటికొస్తుంది. లేచిన ప్రతిసారీ వైఫై కలిసిందా, మెమరీ కార్డు మీద ఫైలు రాయగలుగుతోందా అని స్క్రిప్టే చూడాలి. పొద్దున డీబగ్ ఎఫ్‌ఎస్‌లోని సస్పెండ్ స్టాట్స్ తెరిస్తే ఎన్ని సక్సెస్, ఎన్ని ఫెయిల్, చివరగా అడ్డం పడిన డివైస్ ఏది అన్నీ ఉంటాయి. అనుకున్న టైముకంటే ముందే లేస్తుంటే వేకప్ సోర్సెస్ ఫైల్లో ఎవరి లెక్క పెరిగిందో చూడండి.

ఏసీ గదిలో తీసుకున్న అంకెతో ఆగకండి. చిప్పు వేడెక్కేకొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది. మే నెలలో రేణిగుంట వైపు నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, మూతపెట్టిన ప్లాస్టిక్ పెట్టె లోపల ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం మిద్దె మీద పెట్టెలోనే ఉంచి, అదే స్విచ్, అదే రెసిస్టర్‌తో మళ్లీ కొలవండి. బ్యాటరీ లెక్కకు ఈ రెండో అంకె తీసుకోండి. కెర్నెల్ మారినా, డివైస్ ట్రీలో ఒక్క వరుస మారినా రెండు కొలతలూ మళ్లీ తీసి, వెర్షన్ పక్కన రాసిపెట్టండి.