ఎండ్‌గేమ్‌లో టైమ్ ట్రావెల్ తికమక పెడుతోందా? ఇలా చూడండి

అమలాపురంలోనైనా భీమవరంలోనైనా అవెంజర్స్ ఎండ్‌గేమ్ సినిమా మాట వస్తే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇదే: 2014 నాటి విలన్ థానోస్ 2023కి వచ్చి బూడిదైపోయాడు కదా, మరి 2018లో చిటికె వేసి సగం ప్రాణుల్ని మాయం చేసిందెవరు? అక్కడితో ఆగరు, అంత డబ్బు పెట్టి తీసి ఇంత పెద్ద తప్పు ఎలా వదిలేశారండీ అంటారు. అది తప్పు కాదండి. సినిమా పెట్టుకున్న రూలు వేరు, మన బుర్రలో ఉన్న రూలు వేరు.

అందుకే లాజిక్ లేదు అనేసే ముందు, సినిమా తన రూలు ఎక్కడ చెప్పిందో వెతకండి. మూడు గంటల సినిమాలో అది తేటగా చెప్పేది రెండు చోట్ల. గతంలోకి వెళ్ళి ఏం మార్చినా మనం బయల్దేరిన కాలం మారదని హల్క్ చెబుతాడు, కానీ ఆ మాట జోకుల మధ్య కొట్టుకుపోతుంది, థియేటర్ గోలలో ఎవరికీ ఎక్కదు. తర్వాత 2012 న్యూయార్క్‌లో మేడ మీద మంత్రవిద్యల గురువు ఏన్షెంట్ వన్, మాయమైనవాళ్ళని తిరిగి తేవడానికి హీరోలు గతంలోంచి తెచ్చుకునే శక్తి రాళ్ళలో ఒకదాన్ని తీసేస్తే కాలం ఎలా చీలుతుందో గాల్లో గీత గీసి మరీ చూపిస్తుంది. ఓటీటీలో ముందు ఈ రెండు సీన్లే మళ్ళీ చూడండి.

మన గోదావరి వాళ్ళకి ఈ రూలు అర్థం కావడం చాలా తేలిక. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠలో ఏం కలిపినా అది అంతర్వేది వైపు పోతుంది తప్ప యానాం దగ్గర గౌతమి నీళ్ళ రంగు మారదు. థానోస్ కూడా అంతే, పక్క పాయలోంచి వచ్చి ఈ పాయలో చచ్చాడు కాబట్టి వాడు లేకుండా పోయింది ఆ పాయకే, ఇక్కడ 2018 చిటికె చెక్కుచెదరలేదు. థానోస్ పెంపుడు కూతురు, 2023 నెబ్యులా తన 2014 రూపాన్ని తనే కాల్చేసి కూడా మాయం కాకుండా నిలబడటానికి కారణం ఇదే. నెబ్యులా తోబుట్టువు గమోరా విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, చచ్చిపోయిన గమోరా బతికి రాలేదు, పాత గమోరా ప్రియుడు క్విల్ ఎవరో కూడా తెలియని వేరే గమోరా వచ్చింది.

రెండోసారి చూసేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ఊరూ సంవత్సరమూ తెర మీద పెద్ద అక్షరాలతో పడతాయి: 2012 న్యూయార్క్, 2013 ఆస్‌గార్డ్, 2014 మొరాగ్, 1970 న్యూజెర్సీ. ఒక్కో దాని కింద ఎవరు వెళ్ళారు, ఏ రాయి కోసం, దక్కిందా లేదా అని రాస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. 2012 కింద దక్కలేదు అని రాయాల్సింది ఒకటి ఉంటుంది, హల్క్ తలుపు తోసుకొచ్చిన దెబ్బకి ఐరన్‌మ్యాన్ టోనీ పడిపోయి, రాయి ఉన్న టెసరాక్ట్ అనే పెట్టె ‘లోకి’ అనే విలన్ చేతికి చిక్కుతుంది. అందుకే అదే రాయి కోసం 1970కి వెళ్ళాల్సి వచ్చింది. ఆ లోకి ఏమయ్యాడో ఈ సినిమాలో వెతకొద్దు, 2021లో వచ్చిన లోకి సిరీస్ మొదలయ్యేది అక్కడే. యాంట్‌మ్యాన్ స్కాట్ ఐదేళ్ళు ఎక్కడ ఇరుక్కున్నాడన్నది కూడా ఇంతే, 2018లో వచ్చిన యాంట్‌మ్యాన్ అండ్ ది వాస్ప్ సినిమాలో పేర్లు పడుతుండగా వచ్చే సీన్ చూస్తే తెలిసిపోతుంది.

ఇక చివర్లో ముసలివాడై కనిపించే కెప్టెన్ అమెరికా. ఇది మాత్రం నిజంగానే తేలని ముడి. పక్క పాయలో ప్రియురాలు పెగ్గీతో బతికి చివర్లో ఇటు వచ్చాడని దర్శకులు రూసో సోదరులు అంటారు, కాదు మొదటి నుంచీ ఈ కాలంలోనే ఉన్నాడని రాసినవాళ్ళు మార్కస్, మెక్‌ఫీలీ అంటారు. తీసినవాళ్ళకే కుదరనప్పుడు మీకు అర్థం కాలేదని బాధపడక్కర్లేదు. నేనైతే దర్శకుల వైపే, ఎందుకంటే యుద్ధంలో థానోస్ కత్తి దెబ్బకి కెప్టెన్ డాలు ముక్కలైపోయింది, బెంచీ మీద కూర్చుని మిత్రుడు శామ్‌కి ఇచ్చింది ఎక్కడా విరగని డాలు. ఈ కాలంలోనే ఉండిపోయినవాడికి అది ఎక్కడిదో, రెండో వైపు వాళ్ళు చెప్పాలి.