ఆరోగ్య రికార్డుల మీద ఏ పరిశోధన ముందు చేయాలి? జాబితా వేసే పద్ధతి

కర్నూలులో కేస్ షీట్ల మధ్య పనిచేసేవాళ్లకు పరిశోధన అంశాల కరువు లేదు. మద్దిలేటి పేరుతో నలుగురు, ఈరన్న పేరుతో ముగ్గురు ఒకే వార్డులో పడుకున్న రోజు చాలు. ఏది ముందో తేల్చుకోవడమే కష్టం.

చీటీలు, పెన్సిళ్లు, తలుపు వేసుకోగల గది ఉంటే చాలు. గూగుల్ ఫామ్ వద్దు, సగంలో వదిలేస్తారు.

పదిహేను మందిని పిలవండి. డాక్టర్లే కాదు, రికార్డు రూము గుమస్తా, స్టాఫ్ నర్సు, డేటా ఎంట్రీ ఆపరేటర్, ఆరోగ్యమిత్ర, ఏఎన్ఎం, ఇద్దరు పేషెంట్ల బంధువులు ఉండాలి. తలా మూడు సమస్యలు రాయించి ప్రశ్నలుగా మార్చండి. 'సర్వర్ స్లో' అనేది ఫిర్యాదు. 'రిజిస్ట్రేషన్‌లోనే 14 అంకెల ఆభా నంబర్ (పేషెంటు ఆరోగ్య గుర్తింపు నంబర్) తీసుకుంటే షీట్లు తారుమారు కావడం తగ్గుతుందా?' అనేది ప్రశ్న.

ఇక మార్కులు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. నేను కూర్చున్న ఒక మీటింగులో పెద్ద డాక్టరుగారు "ఏఐ మీద చేద్దామయ్యా" అన్నారు. ఉగ్గాని బజ్జీ రాకముందే జాబితా అయిపోయింది! చేతులెత్తించే పద్ధతిలో జరిగేదింతే. అందుకే చర్చకు ముందే, పేరు రాయని చీటీ మీద, ప్రతి ప్రశ్నకూ 1 నుంచి 9 దాకా (9 అంటే అతి ముఖ్యం) మార్కు వేయించాలి. కారణం ఒక్క వాక్యంలో వెనక రాయాలి. ఆ చీటీలు మీరే చదవండి, పక్కవాళ్లకిస్తే చేతిరాత పట్టేస్తారు. మార్కులు బోర్డు మీద పెట్టి, కారణాలు వినిపించి, మళ్లీ వేయించండి. ఇలా పేరు లేకుండా, విడతలవారీగా అభిప్రాయాలు రాబట్టడాన్ని డెల్ఫీ పద్ధతి అంటారు. 1950లలో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో మొదలైన ఆ పద్ధతికి ప్రాణం ఈ రెండో విడతే. టైమ్ లేదని దాన్ని ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సగటును నమ్మకండి. సగంమంది 9, సగంమంది 1 వేస్తే సగటు 5 వస్తుంది, ఎవరికీ పట్టని ప్రశ్నలా కనిపిస్తుంది. అసలు కొట్లాటంతా దాని మీదే! నూటికి 70 మంది 7 గానీ అంతకుమించి గానీ వేసినవే ఉంచండి. ఐదు ప్రశ్నలు మించకూడదు, ఆరోది ఎప్పుడూ ఎవరో ఒకరిని మెప్పించడానికి చేర్చినదే.

ఖాయం చేసేముందు రికార్డు రూములోకి స్వయంగా వెళ్లండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచాలి. పదేళ్ల వెనక్కి చూసే ప్రశ్న ఎంచుకుంటే షీట్లే దొరక్కపోవచ్చు. దొరికినా, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి చేతికి వచ్చేదాకా కట్ట విప్పకండి.